పసుపు రంగు రోల్స్ రాయిస్, గండిపేట నీళ్లు: ఏడో నిజాం సంపద కథ

హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్ చూడటానికి వెళ్లిన కుటుంబాలు ఒక కారు దగ్గర తప్పకుండా ఆగుతాయి. పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అది. లండన్‌లోని బార్కర్ కంపెనీ దాని బాడీ తయారుచేసింది. వెనక సీటు మామూలు సీటులా ఉండదు, సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. వందేళ్లు దాటినా కొత్త కారులా మెరుస్తుంది. కారణం ఒక్కటే. అది రోడ్డు మీద తిరిగింది చాలా తక్కువ.

కోట్లు ఉన్నవాళ్లు కార్ల మీద కార్లు ఎందుకు కొంటారు, ఏడాదికి పది రోజులు కూడా ఎక్కని యాట్ కోసం వందల కోట్లు ఎందుకు పోస్తారు అని మన ఇళ్లల్లో పిల్లలు అడుగుతూనే ఉంటారు. ఒక మనిషి ఒకసారి ఒక కారులోనే కదా కూర్చునేది! ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే దుబాయ్ దాకా, మొనాకో దాకా పోనక్కర్లేదు. ఒకప్పుడు ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడని పేరుపడ్డ మనిషి మన హైదరాబాద్‌లోనే బతికారు, ఇక్కడి మట్టిలోనే కలిశారు. ఆయనే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఆయన జీవితం చూస్తే, మనిషి సంపద ఎందుకు పోగేస్తాడో, పోగేసింది చివరికి ఏమవుతుందో రెండూ తెలుస్తాయి.

తండ్రి ఆర్డర్, కొడుకుకు డెలివరీ

ఆ పసుపు కారు ఉస్మాన్ అలీ ఖాన్ కొన్నది కాదు. ఆయన తండ్రి, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చిన కారు. మహబూబ్ అలీ పాషా అంటే జనానికి ఇప్పటికీ ఒక ప్రేమ. చేతికి ఎముక లేని మనిషి అని పేరు. వేసుకున్న బట్టలు మళ్లీ వేసుకునేవారు కాదని చెబుతారు. పురానీ హవేలీలో ఆయన బట్టల కోసం చేయించిన రెండంతస్తుల పొడవైన చెక్క బీరువాను ఇప్పటికీ చూడొచ్చు.

1891లో ఆయన అలెగ్జాండర్ జేకబ్ అనే వ్యాపారి దగ్గర ఒక పెద్ద వజ్రం బేరం చేశారు. ఆ బేరం గొడవై కలకత్తా హైకోర్టు దాకా పోయింది. నిజాం అంతటి మనిషి ఒక వ్యాపారితో కోర్టు కేసులో ఇరుక్కోవడం ఆ రోజుల్లో పెద్ద అవమానం. వజ్రం చేతికొచ్చింది గానీ దాని మీద మనసు విరిగిపోయింది. జేకబ్ డైమండ్ అని పేరుపడ్డ ఆ రాయి బరువు 184.75 క్యారెట్లు. మహబూబ్ పాషా దాన్ని ఎక్కడో పడేశారని, ఆయన పోయాక కొడుకు దాన్ని తండ్రి పాత చెప్పు ముందు భాగంలో గుడ్డలో చుట్టి ఉండగా కనుక్కున్నారని చెబుతారు. కొడుకు ఆ రాయిని బల్ల మీద కాగితాలు ఎగరకుండా బరువుగా పెట్టుకునేవారట.

మహబూబ్ అలీ పాషా 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఇంతెకాల్ అయ్యారు. ఆర్డర్ ఇచ్చిన రోల్స్ రాయిస్‌ను ఆయన చూడనే లేదు. అది హైదరాబాద్‌ చేరేసరికి గద్దె మీద 25 ఏళ్ల కొడుకు ఉన్నారు. తండ్రి ముచ్చటపడి చేయించుకున్న కారు కొడుకు చేతికి వచ్చింది. ఆయన దాన్ని ముఖ్యమైన వేడుకలకు మాత్రమే బయటికి తీయించారు. మిగతా రోజుల్లో అది షెడ్డులోనే ఉంది.

కింగ్ కోఠీలో పెరిగిన షాహ్‌జాదా

ఉస్మాన్ అలీ ఖాన్ 1886 ఏప్రిల్ 6న పురానీ హవేలీలో పుట్టారు. చిన్న వయసులోనే ఆయన్ను కింగ్ కోఠీకి మార్చారు. ఆ భవనం కట్టుకున్నది కమాల్ ఖాన్ అనే అమీరు. తలుపుల మీద, కిటికీల మీద తన పేరులోని మొదటి అక్షరాలు రెండు ‘కె’లు చెక్కించుకున్నారు. భవనం నిజాం కుటుంబం చేతికి వచ్చాక, ఆ అక్షరాలన్నీ చెరిపే ఖర్చు ఎందుకని, వాటికి సరిపోయేలా ‘కింగ్ కోఠీ’ అని పేరు పెట్టారని ఒక కథ ఉంది. అసలు ఎలా జరిగినా, ఏడో నిజాం స్వభావానికి సరిగ్గా అతికే కథ ఇది. ఉన్నదాన్ని పారెయ్యకుండా వాడుకోవడం ఆయన పద్ధతి.

గద్దె ఎక్కాక కూడా ఆయన చౌమహల్లాకు మారలేదు. ఫలక్‌నుమాలో కాపురం పెట్టలేదు. చివరిదాకా కింగ్ కోఠీలోనే ఉన్నారు. పెద్ద ప్యాలెస్‌లు దర్బార్లకు, విదేశీ అతిథులకు మాత్రమే. ఇంట్లో మాత్రం పాత షేర్వానీ, మాసిపోయిన టోపీ, చేతిలో చౌక చార్మినార్ సిగరెట్. ఒకే టోపీని ఏళ్ల తరబడి వాడేవారని, మేజోళ్లు తానే అల్లుకునేవారని ఎన్నో కథలు ఉన్నాయి. వాటిలో కొన్ని కల్పించినవే కావచ్చు. కానీ ఆయన్ను చూసిన విదేశీయులు, ఆయన దగ్గర పనిచేసినవాళ్లు అందరూ ఒక విషయంలో ఏకీభవించారు. ఒంటి మీద ఖర్చు పెట్టుకోవడం ఆయనకు ఇష్టం లేదు.

మరి ఇలాంటి మనిషి దగ్గర అన్ని కార్లు, అన్ని వజ్రాలు ఎందుకు? వాడని వస్తువులను ఎందుకు దాచారు? ఇక్కడే అసలు విషయం ఉంది.

21 తుపాకులు, చేజారిన బేరార్

ఆ కాలపు రాజుల పరిస్థితి ఒకసారి ఆలోచించండి. వాళ్ల తాతల కాలంలో రాజు గొప్పతనం సైన్యంతో, గెలిచిన కోటలతో తెలిసేది. బ్రిటిష్ వాళ్లు వచ్చాక యుద్ధం చేసే హక్కు పోయింది. పక్క రాజ్యంతో నేరుగా ఒప్పందం చేసుకునే హక్కూ పోయింది. మిగిలింది హోదా ఒక్కటే. ఎవరికి ఎన్ని తుపాకుల సలాం అన్నదాంతో వైస్రాయ్ దర్బారులో రాజుల స్థాయి తేలేది. హైదరాబాద్‌ నిజాంకు 21 తుపాకులు, అంటే అన్నిటికన్నా పెద్ద సలాం. అలాంటి చోట రాజులు ఒకరితో ఒకరు పోటీపడటానికి మిగిలిన మైదానం ఏది? కార్లు, నగలు, ప్యాలెస్‌లు. పటియాలా మహారాజు భూపీందర్ సింగ్ దగ్గర రోల్స్ రాయిస్ కార్లు పదుల సంఖ్యలో ఉండేవి. కంపెనీ వాళ్లు కూడా రాజుల కోరికను బట్టి వేటకు ఒక రకం, ఊరేగింపుకు ఒక రకం బాడీలు కట్టించి ఇచ్చేవారు. సింహాసనం పెట్టిన కారు అంటే ఏమిటి? ఏనుగు మీద అంబారీకి బదులు వచ్చిన వాహనమే.

ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఈ దెబ్బ స్వయంగా తగిలింది. బేరార్ ప్రాంతం నిజాముల సొత్తు. 1853 నుంచి అది బ్రిటిష్ పాలనలో ఉంది. 1902లో మహబూబ్ పాషా దాన్ని శాశ్వత కౌలుకు ఇచ్చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం బ్రిటిష్ వాళ్లకు డబ్బు ధారపోశారు. ఆయన ఇచ్చిన విమానాలతో నడిచిన 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్‌ స్క్వాడ్రన్ అనే పేరే పడింది. దానికి ప్రతిఫలంగా 1918లో ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ అనే బిరుదు వచ్చింది. హిందుస్తాన్‌లో ఇంకే రాజుకూ లేని బిరుదు అది. ఇంత చేశాక బేరార్ తిరిగి ఇవ్వమని అడిగారు. 1926లో వైస్రాయ్ లార్డ్ రీడింగ్ కుదరదన్నారు. బ్రిటిష్ చక్రవర్తికి సమానంగా మాట్లాడే హోదా ఏ రాజుకూ లేదని ఉత్తరంలో తేల్చి చెప్పారు. పదేళ్ల తర్వాత బేరార్ పేరును బిరుదులో చేర్చి, పెద్ద కొడుకు ఆజమ్ జాహ్‌ను బేరార్ యువరాజు అని పిలవడానికి ఒప్పుకున్నారు. పేరు వచ్చింది, నేల మాత్రం రాలేదు.

ప్రపంచంలోనే ధనవంతుడు, కానీ తాతల ఆస్తిని డబ్బుతో వెనక్కి తెచ్చుకోలేని మనిషి. అధికారం జారిపోతున్న కొద్దీ మనిషి చేతికి దొరికే వస్తువులను గట్టిగా పట్టుకుంటాడు. నిజాం ఖజానా అలా పెరిగింది.

హైదరాబాద్‌ రాజ్యానికి సముద్రం లేదు కాబట్టి యాట్ ముచ్చట ఆయనకు లేదు. అయినా రెండో ప్రపంచ యుద్ధంలో ‘నిజాం’ అనే పేరుతో ఒక యుద్ధనౌక ఆస్ట్రేలియా నౌకాదళంలో పనిచేసింది. సముద్రతీరం లేని రాజు పేరు సముద్రం మీద తిరిగింది.

ఖజానా ఎలా నిండింది

హైదరాబాద్‌ సంస్థానం దాదాపు 82 వేల చదరపు మైళ్లు. 1941 నాటికి జనాభా సుమారు కోటి 60 లక్షలు. సొంత రైలు, సొంత పోస్టు, సొంత నాణెం, సొంత నోట్లు. ప్రభుత్వ ఖజానా వేరు, నిజాం సొంత ఖజానా వేరు. రాజ్యంలో దాదాపు పదో వంతు భూమి ‘సర్ఫ్-ఎ-ఖాస్’ కింద ఉండేది. దాని ఆదాయం నేరుగా నిజాం సొంత ఖర్చులకు పోయేది. ఇది కాక నజరానాలు. ఈద్‌కు, సాల్‌గిరాకు, కొత్త ఉద్యోగం వచ్చినప్పుడు అమీర్లు, జాగీర్దార్లు, అధికారులు అష్రఫీలు, రూపాయలు సమర్పించుకోవాలి. పాత నిజాములు వాటిని తాకి తిరిగి ఇచ్చేసేవారని, ఉస్మాన్ అలీ ఖాన్ మాత్రం ఉంచేసుకునేవారని ఆ రోజుల్లో చాలామంది చాటుగా నొచ్చుకున్నారు. బ్రిటిష్ రెసిడెంట్లు కూడా దీని మీద ఫిర్యాదులు చేశారు.

1937 ఫిబ్రవరిలో ఆయన గద్దె ఎక్కి 25 ఏళ్లు నిండిన సందర్భంగా సిల్వర్ జూబ్లీ జరిగింది. అదే నెల 22న అమెరికా టైమ్ పత్రిక ఆయన బొమ్మను కవర్ మీద వేసి ప్రపంచంలో అత్యంత ధనవంతుడని రాసింది. జూబ్లీకి వచ్చిన వెండి బంగారు కానుకలు ఇప్పుడు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఉన్నాయి.

కామర్స్ చదివిన ఎవరికైనా ఇక్కడ ఒక తేడా కనిపిస్తుంది. కారు కొన్న రోజు నుంచే దాని విలువ తరుగుతుంది. పైగా డ్రైవర్, షెడ్డు, రిపేర్లు, పెట్రోలు. వజ్రం అలా కాదు, తిండి పెట్టనక్కర్లేదు. కానీ బీరువాలో పడి ఉన్నంత కాలం అదీ ఒక్క పైసా సంపాదించదు. పైగా కాపలా ఖర్చు. రెండూ నిద్రపోతున్న డబ్బే. ఏడో నిజాం దగ్గర ఇలా నిద్రపోయిన డబ్బు ఎంతో ఉంది. అయితే కథ అంతటితో అయిపోలేదు. ఆయన కాలంలో మేలుకుని పనిచేసిన డబ్బు కూడా ఉంది.

వరద తర్వాత కట్టిన ఊరు

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. వేల మంది చనిపోయారు. అప్పటికి గద్దె మీద మహబూబ్ పాషా ఉన్నారు. మళ్లీ అలాంటి వరద రాకుండా ఏం చేయాలో చెప్పమని మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. నదికి ఎగువన జలాశయాలు కట్టి నీళ్లు ఆపాలని ఆయన సలహా ఇచ్చారు. ఆ సలహాను పూర్తిగా అమలు చేసింది కొడుకు. 1920లో మూసీ మీద ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట చెరువు పూర్తయింది. 1927లో ఈసీ నది మీద హిమాయత్ సాగర్ వచ్చింది. వరద ఆగింది, ఊరికి తాగునీళ్లు కూడా వచ్చాయి. గండిపేట నీళ్లు తాగినవాళ్లకు హైదరాబాద్‌ వదలబుద్ధి కాదని పాతబస్తీ పెద్దలు ఇప్పటికీ అంటుంటారు.

1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు బస్తీలను వెడల్పు చేయించారు. మూసీ ఒడ్డున హైకోర్టు, ఎదురుగా ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ లేచాయి. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది. డాక్టరీ, సైన్సు, చట్టం అన్నీ ఉర్దూలో చెప్పడం ఆ రోజుల్లో ఎవరూ చేయని సాహసం. పుస్తకాల కోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థనే పెట్టారు. మంజీర మీద కట్టిన నిజాంసాగర్ 1931లో పూర్తయి నిజామాబాద్‌ వైపు పొలాలకు నీళ్లిచ్చింది. దాని వెనక ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. 1932లో ప్రభుత్వ బస్సులు మొదలయ్యాయి, 1941లో హైదరాబాద్‌ స్టేట్ బ్యాంకు వచ్చింది.

ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. వీటిలో చాలావరకు నిజాం సొంత జేబులోంచి కట్టినవి కావు, ప్రభుత్వ ఖజానాతో, అంటే జనం కట్టిన పన్నులతో కట్టినవి. కానీ ఆ డబ్బును ఎక్కడ పెట్టాలో ఫర్మానా ఇచ్చేది ఆయనే. బనారస్ హిందూ యూనివర్సిటీకి, అలీగఢ్‌కు, పూణేలో మహాభారతం పాఠాన్ని సరిచూసి అచ్చు వేస్తున్న భండార్కర్ సంస్థకు కూడా హైదరాబాద్‌ నుంచి సాయం వెళ్లింది.

1924లో టర్కీలో ఖిలాఫత్ రద్దయ్యాక చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ దేశం వదిలి ఫ్రాన్స్‌లోని నీస్‌లో తలదాచుకున్నారు. ఆయనకు నిజాం నెలకు 300 పౌండ్లు పంపేవారు. 1931 నవంబర్‌లో ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్‌కు ఆజమ్ జాహ్‌తో, ఆ వంశానికే చెందిన నీలోఫర్‌కు రెండో కొడుకు మోజమ్ జాహ్‌తో నీస్‌లో నికాహ్ అయింది. డబ్బుతో కొనలేని ఘనత ఇలా బంధుత్వంతో వచ్చింది. ఆ ఇద్దరు కోడళ్ల పేర్లూ ఈ రోజు నగలకు కాదు, హైదరాబాద్‌లో ఆసుపత్రులకు ఉన్నాయి. నీలోఫర్ ఆసుపత్రిలో పుట్టని, అక్కడ వైద్యం చేయించుకోని కుటుంబాలు మన బస్తీల్లో తక్కువ.

ఊళ్లలో ఇంకో కథ

నగరం వెలుగుతుంటే జిల్లాల్లో పరిస్థితి వేరు. జాగీర్దార్లు, దేశ్‌ముఖ్‌ల కింద రైతులు వెట్టి చేసేవారు. పంటలో లెవీ పోయేది. తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడే జనానికి తమ భాషలో చదువు దొరకడం కష్టం. నజరానా పై నుంచి కింద దాకా ఒక గొలుసు. అమీరు నిజాంకు ఇచ్చింది జాగీర్దారు దగ్గర, జాగీర్దారు ఇచ్చింది రైతు దగ్గర వసూలయ్యేది. 1946లో తెలంగాణ రైతులు తిరగబడ్డారు. ఖజానాలో అష్రఫీలు లెక్కపెట్టినంత శ్రద్ధగా ఈ బాధను లెక్కపెట్టి ఉంటే చరిత్ర వేరేగా ఉండేదేమో.

1947లో బ్రిటిష్ వాళ్లు పోతూ రాజులను వాళ్ల దారి చూసుకోమన్నారు. యుద్ధాల్లో ఇచ్చిన విమానాలు, బిరుదులు, ఆ ఏడాదే యువరాణి ఎలిజబెత్ పెళ్లికి పంపిన కార్టియర్ వజ్రాల నెక్లెస్ ఏవీ ఆయనకు అక్కరకు రాలేదు. స్వతంత్రంగా ఉండాలని నిజాం అనుకున్నారు. ఖాసీం రజ్వీ రజాకార్లు ఊళ్లలో దౌర్జన్యాలకు దిగారు. వాళ్లను అదుపు చేయడం ఆయన చేతుల్లో లేకుండా పోయింది. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న అంతా ముగిసింది. ఆ తర్వాతి రోజుల్లో మరాఠ్వాడా, బీదర్ వైపు ఎన్నో ఊళ్లలో ఏ పాపం తెలియని ముస్లిం కుటుంబాలు నాశనమయ్యాయి. పండిట్ సుందర్‌లాల్ కమిటీ వెళ్లి చూసి నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక ఎన్నో ఏళ్లు బయటికి రాలేదు. దేశంలోనే పెద్ద ఖజానా ఉన్న రాజ్యంలో, ఆపద వచ్చిన రోజు ఆ ఖజానా హిందూ రైతునూ కాపాడలేదు, ముస్లిం కూలీనీ కాపాడలేదు.

లండన్ బ్యాంకులో 71 ఏళ్లు

ఆ వారంలోనే ఇంకో సంగతి జరిగింది. 1948 సెప్టెంబర్ 20న లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ బ్యాంకులో హైదరాబాద్‌ ఖాతా నుంచి 10 లక్షల 7 వేల 940 పౌండ్లు, పైన 9 షిల్లింగులు పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతుల్లా ఖాతాకు మారాయి. మార్చింది నిజాం ప్రతినిధి మొయిన్ నవాజ్ జంగ్. కొద్ది రోజులకే నిజాం తన అనుమతి లేకుండా జరిగిందని, డబ్బు వెనక్కి ఇవ్వమని బ్యాంకుకు చెప్పించారు. బ్యాంకు ఎవరికీ ఇవ్వలేదు. కేసు బ్రిటన్ ప్రభువుల సభ దాకా పోయి 1957లో ఆగిపోయింది. మళ్లీ దశాబ్దాల తర్వాత కదిలి, 2019 అక్టోబర్ 2న లండన్ హైకోర్టు ఆ డబ్బు భారత ప్రభుత్వానికి, నిజాం వారసులకు చెందుతుందని తీర్పు ఇచ్చింది. అప్పటికి వడ్డీతో అది సుమారు మూడున్నర కోట్ల పౌండ్లు అయింది. దాచుకున్న మనిషి చనిపోయి అప్పటికి 52 ఏళ్లు.

ట్రస్టులు, బంగారు బాండ్లు

విలీనం తర్వాత సర్ఫ్-ఎ-ఖాస్ భూములు ప్రభుత్వంలో కలిశాయి. నిజాంకు ఏడాదికి 50 లక్షల రూపాయల భరణం ఖరారైంది. 1950 జనవరి 26 నుంచి 1956లో రాష్ట్రం విడిపోయేదాకా ఆయన రాజ్‌ప్రముఖ్‌గా ఉన్నారు. ఈ కాలంలో ఆయన చేసిన తెలివైన పని ఆస్తిని ట్రస్టులుగా విడగొట్టడం. నగలకు ఒక ట్రస్టు, కుటుంబానికి ఒకటి, దానధర్మాలకు 1954లో ఒకటి. ఎస్టేట్ డ్యూటీ, వెల్త్ టాక్స్ చట్టాలు వస్తున్న రోజులవి. తాను పోయాక వారసులు కొట్టుకుని అంతా చెల్లాచెదురు చేస్తారన్న భయం కూడా ఉంది. ఖర్చుమనిషి అయిన పెద్ద కొడుకును కాదని మనవడు ముకర్రం జాహ్‌ను వారసుడిగా ప్రకటించారు.

1965 యుద్ధం గురించి ఒక కథ వాట్సాప్‌లో ఏటా తిరుగుతుంది. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి అడగ్గానే నిజాం 5 వేల కిలోల బంగారం ఉచితంగా ఇచ్చేశారని. అది నిజం కాదు. ఆయన ఇచ్చింది 425 కిలోలు, అది కూడా దానం కాదు, జాతీయ రక్షణ బంగారు బాండ్లలో పెట్టుబడి. సమాచార హక్కు కింద అడిగినప్పుడు బయటపడ్డ లెక్క ఇది. ఇందులో తక్కువచేసి చూడాల్సింది ఏమీ లేదు. దేశానికి బంగారం అవసరమైన రోజు, బీరువాలో నిద్రపోతున్న దాన్ని బయటికి తీసి దేశం చేతిలో పెట్టారు. గొప్ప చేయడానికి అబద్ధం కలపాల్సిన పని లేదు, ఉన్న నిజమే చాలు.

ఇంతెకాల్ తర్వాత

1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో ఉస్మాన్ అలీ ఖాన్ ఇంతెకాల్ అయ్యారు. వయసు 80. జనాజాకు వచ్చిన జనంతో హైదరాబాద్‌ వీధులు నిండిపోయాయి. రాజులను పూడ్చే మక్కా మసీదులో కాకుండా, తన కోరిక ప్రకారం కింగ్ కోఠీ ఎదురుగా ఉన్న మస్జిద్-ఎ-జూదీలో తల్లి పక్కన ఆయన్ను ఖననం చేశారు.

మనవడి చేతికి వచ్చింది ఏమిటి? వేల మంది నౌకర్లు, ఆధారపడ్డ బంధువులు, లెక్క తెలియని గదులు. గ్యారేజీలో 60 దాకా కార్లు ఉంటే పనిచేసేవి నాలుగే అని, పెట్రోలు, రిపేర్ల బిల్లు మాత్రం అన్నిటికీ వస్తుండేదని ఆ ఇంటి చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. నడవని కార్ల పేరుతో నౌకర్లు జేబులు నింపుకున్నారన్నమాట. వాడని ఆస్తి యజమానికి కాకుండా కాపలావాడికి ఆదాయం అవుతుంది. వారసుల కేసులు, పన్నుల బాకీలు పెరిగాయి. విసిగిపోయిన ముకర్రం జాహ్ ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం కొనుక్కుని అక్కడ బుల్‌డోజర్లు, పాత యంత్రాలు రిపేరు చేసుకుంటూ గడిపారు. తాత కార్లను షెడ్డులో పెడితే మనవడు ఇంజన్లు విప్పి చేతులకు గ్రీజు పూసుకున్నారు. ఆయన 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో చనిపోయారు. మక్కా మసీదులో ఖననం చేశారు.

నగల సంగతి కూడా అంతే. అమ్మకానికి పెట్టినప్పటి నుంచి కోర్టుల్లో ఏళ్లకు ఏళ్లు నలిగి, చివరికి 1995లో భారత ప్రభుత్వం 173 నగలను 218 కోట్ల రూపాయలకు కొన్నది. బయట వేలం వేస్తే ఇంతకన్నా చాలా ఎక్కువ వచ్చేదని అందరికీ తెలుసు. తండ్రి చెప్పులో దొరికిన జేకబ్ డైమండ్ కూడా వాటిలో ఉంది. ఇప్పుడవి రిజర్వ్ బ్యాంకు లాకర్లలో ఉన్నాయి. ఎప్పుడో ఒకసారి ప్రదర్శన పెడితే జనం వరసకట్టి చూసి వస్తారు. ఒక లాకర్ నుంచి ఇంకో లాకర్‌కు మారాయి, అంతే.

అదే ఊళ్లో అదే కాలంలో ఇంకో సేకరణదారుడు ఉన్నారు. ఏడో నిజాం దగ్గరే కొంతకాలం దీవాన్‌గా చేసిన మూడో సాలార్ జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్. పెళ్లి చేసుకోలేదు, ఆదాయమంతా వస్తువులు కొనడానికే పెట్టారు. అది కూడా పిచ్చే అన్నారు జనం. 1949లో ఆయన పోయాక 1951 డిసెంబర్ 16న నెహ్రూ దాన్ని మ్యూజియంగా ప్రారంభించారు. గంట కొట్టే గడియారం చూడటానికి ఈ రోజుకీ పిల్లలు గంట ముందే వచ్చి కూర్చుంటారు. ఇద్దరూ పోగేశారు. ఒకరి సేకరణకు తలుపులు తెరుచుకున్నాయి, ఇంకొకరిదానికి తాళాలు పడ్డాయి.

సంపన్నులు కార్లు, యాట్‌లు ఎందుకు కొంటారంటే సుఖం కోసం అనుకుంటాం. ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఆ సుఖం మీద ఆశే లేదు. తండ్రి నుంచి వచ్చింది పోగొట్టకూడదన్న పట్టుదల, సాటి రాజుల ముందు తగ్గకూడదన్న రోషం, రేపు ఏమవుతుందోనన్న భయం, ఈ మూడే ఆయన బీరువాలు నింపాయి. ఆ భయం నిజమే అయింది. కానీ ఆ రోజు ఏ బీరువా అక్కరకు రాలేదు. ఆయన పేరు ఈ రోజు జనం నోట్లో ఉన్నది కారు వల్ల కాదు, వజ్రం వల్ల కాదు. ఉస్మానియాలో డిగ్రీ తీసుకున్న పిల్లల సర్టిఫికెట్ మీద, ఉస్మానియా ఆసుపత్రి చీటీ మీద ఆ పేరు ఉంది. ఉస్మాన్ సాగర్ అనే పేరులోనూ ఉంది.

మస్జిద్-ఎ-జూదీలో ఆయన సమాధి పెద్ద ఆడంబరమేమీ లేకుండా ఉంటుంది. నమాజుకు వచ్చినవాళ్లు కొందరు అక్కడ ఆగి ఫాతిహా చదివి వెళ్తారు.